నడిమి పుస్తకం



మూడు భాగాల నవలల్లో రెండో భాగానికి ఎప్పుడూ చిన్నచూపే. మొదటి భాగంలో అన్నీ కొత్త మనుషులు, కొత్త ఊళ్లు. మూడో భాగానికొస్తే చిక్కుముడులు విడిపోతాయి, ఎవరి సంగతి ఏమిటో తేలిపోతుంది. రెండో భాగానికి ఆ కొత్తదనమూ లేదు, ఈ ముగింపూ లేదు. మొదటిదాంట్లో మిగిలిన పని చెయ్యాలి, మూడోదానికి సరంజామా సర్దిపెట్టాలి. అందుకే చాలా రెండో భాగాలు ప్రయాణాలతోనే నిండిపోతాయి. అందరూ నడుస్తూనే ఉంటారు, ఎవరూ ఎక్కడికీ చేరరు.

ఈ గండం గట్టెక్కిన పిల్లల నవల ఒకటుంది. ఈ పూట దాని గురించి మాట్లాడుకుందాం. పేరు ‘ది సటిల్ నైఫ్’. రాసినవారు ఇంగ్లండు రచయిత ఫిలిప్ పుల్మన్. 1997లో వచ్చింది. ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’ అనే మూడు నవలల వరసలో ఇది రెండోది. మొదటిది 1995 నాటి ‘నార్తర్న్ లైట్స్’. అమెరికాలో దాన్ని ‘ది గోల్డెన్ కంపస్’ అన్నారు. 2007లో సినిమా కూడా ఆ పేరుతోనే వచ్చింది. మూడోది 2000లో వచ్చిన ‘ది ఆంబర్ స్పైగ్లాస్’. మొదటి నవలకి ఇంగ్లండులో పిల్లల పుస్తకాలకిచ్చే కార్నెగీ పతకం వచ్చింది. మూడోదానికి 2001 సంవత్సరపు విట్‌బ్రెడ్ బహుమతి వచ్చింది. పెద్దల పుస్తకాలతో పోటీపడి ఆ బహుమతి గెలిచిన మొదటి పిల్లల పుస్తకం అదే. ఇలా ఆ వైపూ ఈ వైపూ ఉన్నవాటికి పేరొచ్చింది. మధ్యలోదాన్ని చాలామంది వంతెనలాగా దాటేసి పోయారు. నాకు మాత్రం ఈ మూడింట్లో గుండెకాయ అదేననిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

ముందు మొదటి పుస్తకం సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాలి. లేకపోతే మిగతాది అందదు.

లైరా అని ఒక పిల్ల. ఆక్స్‌ఫర్డ్‌లో జోర్డన్ కాలేజీ అనే చోట, పండితుల మధ్య, వంటింటి పిల్లల మధ్య ఆడింది ఆటగా పెరుగుతుంది. అయితే అది మన లోకంలోని ఆక్స్‌ఫర్డ్ కాదు. అక్కడ ఆకాశంలో జెప్పెలిన్లు తిరుగుతాయి. ఉత్తరాన మంచుదేశంలో కవచాలు తొడుక్కున్న ఎలుగుబంట్లు రాజ్యం చేస్తాయి. మెజిస్టీరియం అనే మతపీఠం మాటకి ఎదురుండదు. అన్నిటికంటే వింత ఇంకొకటి. అక్కడ ప్రతి మనిషి పక్కనా ఒక జంతువు ఉంటుంది. దాన్ని డీమన్ అంటారు. అది పెంచుకున్న జంతువు కాదు, ఆ మనిషి ప్రాణమే ఆ రూపంలో బయట తిరుగుతుంది. మాట్లాడుతుంది, వాదిస్తుంది, అలుగుతుంది. పిల్లల డీమన్లు ఘడియకో రూపం మారుస్తాయి. ఇప్పుడు చిమ్మట, ఇంకాసేపటికి పిల్లి. పిల్లలు పెద్దవాళ్లయ్యేసరికి ఒక్క రూపంలో కుదురుకుంటాయి.

బాలనాగమ్మ కథ విన్నవాళ్లకి ఇది బొత్తిగా కొత్త కాదు. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది కదా. ఫకీరు తన ప్రాణాన్ని ఎవరికీ దొరక్కుండా దాచుకున్నాడు. అది ఎంత దూరాన ఉంటే వాడికి అంత క్షేమం. లైరా లోకంలో లెక్క తిరగబడింది. ప్రాణం అందరి కళ్లెదుటా భుజమ్మీద కూర్చుని ఉంటుంది. నాలుగడుగులు ఎడమైతే గుండె పెరికినట్టుంటుంది. అలాంటి ప్రాణాన్ని పిల్లల నుంచి కోసి వేరుచేసే దుర్మార్గం చుట్టూ మొదటి పుస్తకం నడుస్తుంది. చివర్లో లైరా తండ్రి లార్డ్ ఆజ్రియల్ ఆకాశాన్ని చీల్చి మరో లోకానికి దారి తెరుస్తాడు. లైరా ఆ దారిలో అడుగు పెడుతుంది. పుస్తకం అయిపోతుంది.

ఇప్పుడు రెండో పుస్తకం తెరిచిన పిల్లవాడు ఏం కోరుకుంటాడు? ఆ చీలిక అవతల ఏముందో వెంటనే చెప్పమంటాడు. పుల్మన్ చెప్పలేదు. లైరాని పక్కన పెట్టేశారు. ఎలుగుబంట్లని పక్కన పెట్టేశారు. మొదటి పేజీలో మనకు కనిపించేది దక్షిణ ఇంగ్లండులోని వించెస్టర్ అనే ఊరు, మన లోకంలోని మామూలు ఊరు. పన్నెండేళ్ల కుర్రాడు, పేరు విల్ పారీ, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఒక ముసలావిడ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆవిడ ఒకప్పుడు వాడికి పియానో నేర్పింది. కొన్నాళ్లు మా అమ్మని మీ ఇంట్లో పెట్టుకోండి అని అడగడానికి వచ్చాడు. ఆవిడ తలుపు తీసి చూస్తే, తల్లి ఒక కంటికి అలంకారం చేసుకుంది, రెండో కంటికి చేసుకోలేదు.

ఆ ఒక్క వివరంతో ఆ ఇంటి సంగతంతా చెప్పేశారు రచయిత. తల్లికి మనసు బాగోలేదు. ఎవరో తరుముతున్నారని భయం. బెంచీకున్న చెక్కలన్నీ తాకుతూ లెక్కపెట్టాలి, లెక్క తప్పితే ఏదో అయిపోతుంది. విల్ చిన్నప్పుడు ఒకసారి సూపర్‌మార్కెట్లో తల్లితో ఒక ఆట ఆడాడు. ఎవరూ చూడనప్పుడే బండిలో సామాను వెయ్యాలి. శత్రువులు వెతుకుతున్నారు, దొరకకూడదు. ఎంత సరదా! ఆడుతూ ఆడుతూ ఉండగా వాడికి అర్థమైంది, అమ్మ ఆడటం లేదు అని. ఆమె నిజంగానే వణికిపోతోంది. ఆ శత్రువులు బయట లేరు, ఆమె తలలోనే ఉన్నారు. వాళ్లతో కొట్లాడటం కుదరదు కాబట్టి అమ్మకే కాపలా కాయాలి.

అప్పట్నుంచి ఆ ఇంటికి పెద్ద వాడే. అంగడికి వెళ్లేది వాడు, వంట చేసేది వాడు. ఇరుగుపొరుగుకి తెలిస్తే అమ్మని ఎక్కడికో తీసుకుపోతారేమోనన్న భయంతో ఎవరి కంటా పడకుండా బతకడం నేర్చుకున్నాడు. తండ్రి జాన్ పారీ ఒకప్పుడు సైన్యంలో పనిచేసినవాడు. విల్ పసివాడిగా ఉన్నప్పుడే ఉత్తరాదికి ఒక బృందంతో వెళ్లి తిరిగి రాలేదు. ఆయన రాసిన ఉత్తరాలు ఒక ఆకుపచ్చ తోలుపెట్టెలో ఉన్నాయి. వాటికోసం ముక్కూ మొహం తెలియని మనుషులు ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఒక రాత్రి ఇల్లు సోదా చేస్తుంటే విల్ ఎదురుతిరిగాడు. వాళ్లలో ఒకడు మెట్ల మీద పిల్లి అడ్డం తగిలి, కిందపడి చచ్చిపోయాడు. పెట్టె చేతపట్టుకుని విల్ పారిపోయాడు.

పారిపోయి ఆక్స్‌ఫర్డ్ చేరాడు. అర్ధరాత్రి కావస్తోంది. ఊరికి ఉత్తరాన సండర్లండ్ అవెన్యూ అనే రోడ్డు. ఇది కల్పన కాదు, ఇప్పటికీ ఉంది. రోడ్డు పక్కన వరసగా చెట్లు. ఒక పిల్లి ఆ చెట్ల దగ్గర గాలిలో దేన్నో పంజాతో తట్టింది, వెనక్కి గెంతింది, మళ్లీ దగ్గరికి పోయింది, మాయమైంది. విల్ వెళ్లి చూశాడు. గాలిలో ఒక చదరం, కిటికీలా. గజం కూడా లేదు. ఒక వైపునుంచి చూస్తేనే కనిపిస్తుంది, పక్కనుంచి చూస్తే ఏమీ లేదు. అందులోంచి అవతల గడ్డి కనబడుతోంది. ఇటువైపు గడ్డిలాంటిదే. ఆ గడ్డి ఈ లోకానిది కాదని వాడికి చూడగానే తెలిసిపోయింది.

పిల్లల కథల్లో మరో లోకానికి దారులు చాలా ఉన్నాయి. అద్దాలున్నాయి, బావులున్నాయి, రాతి తలుపులున్నాయి. ఇంగ్లండు పిల్లలకి బాగా తెలిసిన దారి సి.ఎస్. లూయిస్ 1950లో తెరిచిన బట్టల బీరువా. ఆ బీరువాలోంచి నార్నియా అనే దేశానికి వెళ్లిన పిల్లలు అక్కడ ఏళ్ల తరబడి రాజ్యం ఏలి తిరిగొస్తారు. ఇక్కడ గడియారం ముల్లు కదిలి ఉండదు. అమ్మ బెంగపడి ఉండదు. హాయైన ఏర్పాటు. పుల్మన్‌కి నార్నియా కథల మీద కోపం. 1998లో గార్డియన్ పత్రికలో వాటిని తీవ్రంగా విమర్శిస్తూ వ్యాసం కూడా రాశారు. ఆ కోపానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి. కానీ వ్యాసం కంటే ముందే ఈ నవల్లో ఇంకా గట్టి జవాబు చెప్పారు. విల్ గాలిలోని ఆ కిటికీ దాటి వెళ్లినా ఇక్కడ గడియారం ఆగదు. వాడు అక్కడ గడిపిన ప్రతి రోజూ వించెస్టర్‌లో వాళ్లమ్మకి ఒక రోజే. పుస్తకం పొడుగునా ఆ బెంగ వాడిని వదలదు. మరో లోకం అనేది తప్పించుకుపోయే చోటు కాదు. నేను ఈ పుస్తకంలో చూసిన అసలు సంగతి ఇదే.

సరే, కిటికీ అవతల ఏముంది? సముద్రపు ఒడ్డున ఒక అందమైన నగరం. పేరు చిత్తాగాత్సె. దీపాలు వెలుగుతున్నాయి, తలుపులు తెరిచి ఉన్నాయి, మనుషులు లేరు. విల్ ఒక కాఫీ హోటల్లోకి వెళ్లి నిమ్మసోడా సీసా తీసుకున్నాడు. అడిగేవాడు లేడు, చూసేవాడు లేడు. అయినా జేబులోంచి ఒక పౌండు నాణెం తీసి గల్లాపెట్టెలో వేశాడు. వేశాక మళ్లీ పెట్టె తెరిచాడు, అందులో ఉన్న డబ్బు చూస్తే ఇది ఏ దేశమో తెలుస్తుందేమోనని. కథ మొత్తంలో ఆ రెండు వాక్యాలూ నాకు చాలా ఇష్టం. వాడి నిజాయితీ, వాడి తెలివి, రెండూ ఆ గల్లాపెట్టె దగ్గరే తెలిసిపోతాయి. ఉపన్యాసం అవసరం లేకుండా పోయింది.

అక్కడే లైరా తగులుతుంది. ఎవరో ఏమిటో తెలియక ముందు కొట్టుకుంటారు, ఆ తర్వాత మాటలు. లైరాకి వంట రాదు. కాలేజీలో ఎప్పుడూ ఎవరో వండి పెట్టేవారు. విల్ ఆమ్లెట్ వెయ్యడం చూపిస్తాడు. లైరా దగ్గర అలీథియోమీటర్ అనే యంత్రం ఉంది. చూడటానికి పెద్ద గడియారంలా ఉంటుంది. బొమ్మల మీద ముల్లు తిరుగుతూ, అడిగినదానికి నిజం చెప్తుంది. ఈ కుర్రాడు మిత్రుడా శత్రువా అని లైరా దాన్ని అడిగింది. హంతకుడు అని జవాబొచ్చింది. విని లైరా స్థిమితపడింది. హంతకుడైతే పిరికివాడు కాడు, మాట తప్పేవాడు కాడు, నమ్మొచ్చు అనుకుంది. నవ్వొస్తుంది, ఒళ్లూ జలదరిస్తుంది. మొదటి పుస్తకంలో లైరా ఎలాంటి మనుషుల మధ్య తిరిగిందో గుర్తున్నవాళ్లకి ఆ లెక్క సరిగ్గానే ఉందనిపిస్తుంది కూడా.

ఇంతకీ ఆ ఊళ్లో పెద్దవాళ్లు ఏమయ్యారు? స్పెక్టర్లు అనేవి వచ్చి తినేశాయి. అవి పిల్లల జోలికి రావు. పిల్లలకి కనబడవు కూడా. ఎదిగినవాళ్లకే కనిపిస్తాయి, ఎదిగినవాళ్లనే పట్టుకుంటాయి. రక్తం తాగవు, మాంసం ముట్టవు. మనిషిలో ఉన్న ధ్యాసని, ఆసక్తిని పీల్చేస్తాయి. ఆ తర్వాత మనిషి ఊపిరి తీస్తూనే ఉంటాడు. ఎదురుగా కన్నబిడ్డ ఏడుస్తున్నా పట్టనట్టు ఊరకే చూస్తూ ఉంటాడు. దయ్యాల కథల్లో ఇంతకంటే భయంకరమైన దయ్యాన్ని నేను చదవలేదు.

ఆ ఊళ్లో టుల్లియో అనే యువకుడిని స్పెక్టర్లు పట్టుకునే ఘట్టం ఉంది. వాడు ఒక గోడ దగ్గర నిలబడి, రాయి రాయీ తాకుతూ లెక్కపెడుతుంటాడు. లెక్కపెడుతూ లెక్కపెడుతూ ఆగిపోతాడు. అది చూసి విల్‌కి తల్లి గుర్తొచ్చింది. అమ్మ కూడా ఇలాగే లెక్కపెట్టేది. అంటే మన లోకంలో కూడా స్పెక్టర్లు ఉన్నాయేమో, మనకు కనబడవు గనుక పేరు పెట్టుకోలేదేమో, అనుకున్నాడు.

చూశారా, నవల ఎంత చాకచక్యంగా రెండు లోకాలనీ కలిపేసిందో. మాయాలోకంలో ఎదురైన రాక్షసి విల్ ఇంట్లో జబ్బుకి అర్థం చెప్పింది. విల్ ఇంట్లో పడిన బాధ ఆ రాక్షసికి బరువు ఇచ్చింది. అమ్మకి ఒంట్లో బాగోలేకపోతే పిల్లలు నలుగురికీ చెప్పుకోగలరు. మనసు బాగోలేకపోతే చెప్పుకోవడానికి వాళ్లకి మాటలుండవు. మన ఇళ్లలోనూ ఇదే పరిస్థితి. పేరు బయటకి రానివ్వం, తలుపులు వేసుకుంటాం. అలాంటి ఇంట్లో పెరిగే పిల్లవాడు ఈ పుస్తకం చదివితే, తన సంగతి ఎవరో కనిపెట్టి రాశారనుకుంటాడు. మొదటి పుస్తకంలోని ఎలుగుబంట్లు ఎంత గొప్పవైనా ఈ పని వాటివల్ల అయ్యేది కాదు.

ఇక కత్తి దగ్గరికి వద్దాం. ఆ ఊళ్లో ఒక పాత బురుజు, దాని పేరు దేవదూతల గోపురం. అందులో ఒకప్పుడు పండితుల సంఘం ఉండేది. వాళ్లు తయారు చేసిన కత్తికి రెండు అంచులు. ఒక అంచు ఏ వస్తువునైనా కోస్తుంది, ఇనుమైనా రాయైనా వెన్నలా తెగిపోతుంది. రెండో అంచు గాలిని కోస్తుంది. గాలిని కోసి మరో లోకంలోకి కిటికీ తీస్తుంది. ఆ కత్తి ప్రతి తరంలోనూ ఒక్కరికే సొంతం. దాన్ని కాపాడుతున్న ముసలాయన జాకొమో పారదీసీ. దాన్ని ఆయన దగ్గర కొట్టేసినవాడే టుల్లియో. విల్ వాడితో గోపురం మీద కలియబడి కత్తి దక్కించుకున్నాడు. ఆ పెనుగులాటలో ఎడమచేతి చిటికెనవేలూ, దాని పక్క వేలూ తెగిపోయాయి. అప్పుడు ముసలాయన తన చెయ్యి చూపించాడు. ఆయనకీ ఆ రెండు వేళ్లు లేవు. కత్తి ఎవరిదో అలా తెలుస్తుందట.

ఆ తర్వాత కత్తి వాడటం నేర్పే ఘట్టం ఉంది చూడండి, పుల్మన్ ఎంత మంచి బడిపంతులో అక్కడ తెలుస్తుంది. ఆయన చాలా ఏళ్లు ఆక్స్‌ఫర్డ్ బడుల్లో పాఠాలు చెప్పారు. హోమర్ ఇతిహాసాలని పుస్తకం చూడకుండా పిల్లలకి కథలుగా చెప్పేవారు. ఆ అలవాటు వాక్యంలో వినిపిస్తుంది. కత్తి మొనని గాలిలో మెల్లగా కదపాలి. నీ ధ్యాసంతా మొన దగ్గర ఉండాలి. గాలిలో ఎక్కడో ఒక చిన్న కొంకి తగులుతుంది, కనిపించదు, తెలుస్తుందంతే. అక్కడ మొన దిగెయ్యాలి, కిందికి లాగాలి. విల్ ప్రయత్నించాడు. చేతిలోంచి నెత్తురు కారుతోంది, నొప్పి. పళ్లు బిగించి ఇంకా గట్టిగా ప్రయత్నించాడు, రాలేదు. లైరా చెప్పింది: నొప్పిని తోసెయ్యకు, ఉండనీ, బిగపట్టకుండా చూడు, నేను అలీథియోమీటర్ చదివేది అలాగే. విల్ ఒళ్లు వదులు చేశాడు. కొంకి తగిలింది. కిటికీ తెరుచుకుంది. దాన్ని వేళ్లతో అంచులు కలిపి మూసెయ్యడం తర్వాతి పాఠం. తెరిచిన కిటికీ మూసి తీరాలన్నది ఆ కత్తి పట్టినవాడికి మొదటి నియమం.

బిగపట్టని ఈ ధ్యాసే పుస్తకంలో మూడోసారి కూడా వస్తుంది. మన ఆక్స్‌ఫర్డ్‌లో మేరీ మలోన్ అనే భౌతికశాస్త్రవేత్త ఉంది. కృష్ణపదార్థం మీద పరిశోధన చేస్తుంటుంది. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ గెలాక్సీల గుంపు ఒకదాన్ని లెక్కగట్టి, కంటికి కనిపించే పదార్థం సరిపోవడం లేదన్నాడు. 1970ల్లో వెరా రూబిన్ గెలాక్సీలు తిరిగే వేగాలు కొలిచి, ఆ మాటకి బలం చేకూర్చింది. ఆ కనిపించని పదార్థం ఏమిటో ఇప్పటికీ తేలలేదు. నవల్లో మేరీ ఆ వెతుకులాటలోనే వింత కణాలు కొన్ని కనిపెట్టింది. వాటికి మనిషి ధ్యాసతో సంబంధం ఉంది. మనసు నిమ్మళంగా, సందేహాన్ని సందేహంగా భరిస్తూ ఉంటేనే అవి పలుకుతాయి. దానికి ఆమె 1817లో కవి కీట్స్ ఒక ఉత్తరంలో చెప్పిన మాటని గుర్తుచేసుకుంటుంది. లైరా వచ్చి మేరీ కంప్యూటర్ ముందు కూర్చోగానే అవి పలికాయి. లైరా లోకంలో ధూళి అని మతపీఠం భయపడేదీ, మేరీ ప్రయోగశాలలో తెరమీద మెరిసేదీ ఒక్కటే అని తేలింది. యంత్రం చదివే లైరాకీ, కత్తి పట్టిన విల్‌కీ, కంప్యూటర్ ముందు కూర్చున్న మేరీకీ కావలసింది ఒకే రకం శ్రద్ధ. స్పెక్టర్లు తినేది కూడా సరిగ్గా దాన్నే. కథలోని నాలుగు పాయలు ఈ ఒక్క చోట కలుస్తాయి.

లోకాల అమరిక గురించి కూడా ఒక మాట చెప్పాలి. మనకి పద్నాలుగు లోకాలు, పైన ఏడు, కింద ఏడు. పుణ్యం చేస్తే పైకి, పాపం చేస్తే కిందికి. పుల్మన్ లోకాలు ఒకదాని మీద ఒకటి లేవు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు. 1957లో హ్యూ ఎవరెట్ అనే భౌతికశాస్త్రవేత్త ఇలాంటి ఊహకి గణితంలో చోటిచ్చాడు. మన వైపు దీనికి దగ్గరగా వచ్చేది యోగవాసిష్ఠంలో లీల కథ. అక్కడ ఒక్క గదిలోనే మరో జగత్తు ఇమిడి ఉంటుంది. మన ఆక్స్‌ఫర్డ్‌కి వచ్చిన లైరా తన కాలేజీ కోసం వెతుకుతుంది. ఆ కాలేజీ ఇక్కడ లేనే లేదు. తన స్నేహితుడు తన లోకంలో రాతి మీద చెక్కిన పేరు పొడి అక్షరాలు మాత్రం ఇక్కడ కూడా రాతి మీద ఉన్నాయి. అయితే ఇక్కడ నాలాంటి లైరా కూడా ఉందా అని ఆ పిల్లకి గుబులు పుడుతుంది.

ఇక పుస్తకంలో లోపాలు లేవా? ఉన్నాయి. మంత్రగత్తెల సమావేశాలు, లార్డ్ ఆజ్రియల్ దేవుడి మీదే యుద్ధానికి దిగుతున్నాడన్న వార్తలు, ఇవన్నీ ఒకరు చెప్తే ఇంకొకరు వింటూ నడుస్తాయి. కళ్లెదుట జరగవు. విల్, లైరా ఇద్దరూ లేని అధ్యాయాల్లో కథ అక్కడక్కడా కుంటుతుంది. ఒక్క లీ స్కోర్స్‌బీ మాత్రం మినహాయింపు. టెక్సస్ నుంచి వచ్చిన బెలూన్ నడిపే మనిషి. అతని డీమన్ ఒక కుందేలు, పేరు హెస్టర్. ఒక లోయలో ఆ ఇద్దరే సైనికుల దండుని ఆపే అధ్యాయం ఉంది. కౌబాయ్ సినిమాలు చూసి పెరిగిన తండ్రులు పిల్లలకి ఆ అధ్యాయం చదివి వినిపించబోతే గొంతు పట్టేస్తుంది, ముందే చెప్తున్నాను.

విల్‌కి తండ్రి దొరికాడా? అది నేను చెప్పను. పుల్మన్ తండ్రి వైమానిక దళంలో పైలట్. 1954లో కెన్యాలో విమానం కూలి చనిపోయారు. అప్పటికి పుల్మన్‌కి ఏడేళ్లు. తండ్రి కోసం వెతికే కొడుకు గురించి ఆయన రాసిన పేజీలు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో మెదలక మానదు.

చివరి పేజీలో ఏదీ తేలదు. మన వారపత్రికల్లో సీరియల్ చదివినవాళ్లకి ‘సశేషం’ అన్న మాట చూసినప్పుడు ఎంత ఉక్రోషం వచ్చేదో గుర్తుండే ఉంటుంది. అక్కడ వారం రోజులు ఆగితే చాలు. ఈ పుస్తకం చదివిన పిల్లలు 1997 నుంచి 2000 దాకా ఆగారు.

మతం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఈ మూడు నవలలూ మతపీఠాన్ని గట్టిగా ఎదిరిస్తాయి. మూడు నవలల పేరు మిల్టన్ రాసిన ‘పారడైజ్ లాస్ట్’ నుంచి తీసుకున్నది. అందులోని తిరుగుబాటుని పుల్మన్ తలకిందులు చేసి చెప్పారు. అమెరికాలో కొన్ని క్రైస్తవ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 2008లో అక్కడి గ్రంథాలయాల్లో ఎక్కువ ఫిర్యాదులు వచ్చిన పుస్తకాల జాబితాలో ఇవి రెండో స్థానంలో నిలిచాయి. అదే ఇంగ్లండులో, 2004లో, ఆంగ్లికన్ చర్చి ప్రధాన మతగురువుగా ఉన్న రోవన్ విలియమ్స్ లండన్ నేషనల్ థియేటర్ వేదిక మీద పుల్మన్‌తో కూర్చుని ఈ విషయాలే మర్యాదగా చర్చించారు. అప్పుడు ఆ థియేటర్లో ఈ కథ నాటకంగా ఆడుతోంది. పుస్తకంతో విభేదించడానికి కూడా ముందు దాన్ని చదవాలని ఆయన చేసి చూపించారు.

ఇప్పుడు మళ్లీ మొదటి మాటకొస్తాను. మొదటి పుస్తకంలోని యంత్రం నిజం చెప్తుంది. రెండో పుస్తకంలోని ఆయుధం కోస్తుంది. నిజం తెలుసుకోవడానికి ఖర్చు లేదు. తెలిసినదాని మీద చెయ్యి వెయ్యాలంటే మాత్రం వేళ్లు పోతాయి. ఆ కత్తితో తెరిచిన ప్రతి కిటికీకీ ఒక మూల్యం ఉంది. అది ఎవరు చెల్లిస్తారో మూడో పుస్తకంలో తేలుతుంది. అక్కడ ఆ లెక్క అంత బరువుగా తగలడానికి కారణం రెండో పుస్తకంలో మనం ఆ కత్తిని ముచ్చటపడి చూడటమే. విల్‌తో పాటు మనమూ కిటికీలు తెరిచి సంబరపడ్డాం. బాకీ అప్పుడే మొదలైంది, మనకి తెలియలేదు.

పదకొండు, పన్నెండేళ్లు నిండిన పిల్లలకి ఈ పుస్తకం ఇవ్వొచ్చు. వరస తప్పకుండా, మొదటిది చదివాకే ఇవ్వండి. చావులున్నాయి, నెత్తురుంది, పిల్లల గుంపు రాళ్లు పట్టుకుని ఒక పిల్లిని హింసించే దృశ్యం కూడా ఉంది. మెత్తటి మనసున్న పిల్లలైతే పక్కన కూర్చుని చదవండి. నిజానికి మీరు కూడా చదవడమే మేలు. పిల్లలకి కనబడకుండా పెద్దవాళ్లని లోపలి నుంచి తినేసే జీవి ఏమిటి, అది మనింట్లో ఎవరినైనా పట్టిందా అని మీ పిల్లవాడు అడగబోతాడు. జవాబు సిద్ధం చేసుకోవడానికి మీకు కొంచెం వ్యవధి కావాలి.